ఇంటికీ సారాకొట్టుకీ మధ్య: ఒక సంవాదం

తాగుడు మీద జరిగినంత రాజకీయం తెలుగునాట మరే అలవాటు మీదా జరిగి ఉండదు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధం విషయంలో వచ్చిన అవిశ్వాస తీర్మానంలో ఒక్క ఓటుతో పడిపోయింది. 1994 డిసెంబరులో ఎన్.టి. రామారావు ప్రమాణస్వీకారం చేసిన చోటే నిషేధం ఫైలు మీద సంతకం పెట్టారు. మొదటిసారి నిషేధం వద్దన్నవాళ్ళు గెలిచారు, రెండోసారి కావాలన్నవాళ్ళు గెలిచారు. రెండు సందర్భాల్లోనూ రెండు పక్షాలూ నీతి పేరుతోనే వాదించాయి. ఎదుటివాడికి నీతి లేదని ఇద్దరూ గట్టిగా నమ్మారు.

ఆ నమ్మకం ఎక్కడి నుంచి వస్తుందో తెలుసుకుందామని ఈ సంవాదం రాశాను. ఇందులో మాట్లాడే ఇద్దరూ నా కల్పన. అత్త నెల్లూరు జిల్లాలో ప్రాథమిక పాఠశాల టీచరుగా పనిచేసి రిటైరైంది, అక్షరదీపం అనే అక్షరాస్యతా కార్యక్రమం రోజుల్లో రాత్రిబడి నడిపింది. మేనల్లుడు హైదరాబాదులో మనస్తత్వశాస్త్రం చెబుతాడు. వాళ్ళు ప్రస్తావించే పరిశోధనలూ, సారా వ్యతిరేక ఉద్యమమూ, చట్టాలూ మాత్రం నిజమైనవి. నేను ఎవరి వైపు ఉన్నానో దాచిపెట్టను.

మేనల్లుడు: అత్తా, కోప్పడకుండా వింటానంటే ఒక మాట. తాగి రోడ్డు పక్కన పడి ఉన్నవాణ్ణి చూడగానే నీ మనసులో మొదట పుట్టేది రోత. వాడు తప్పు చేశాడన్న తీర్పూ, ఆ తీర్పుకి కారణాలూ దాని వెనకాల వస్తాయి. నీ ఒక్కదానికే కాదు, అందరికీ ఇంతే.

అత్త: రుజువుందా, మీ పంతుళ్ళు అనుకున్నారా?

మేనల్లుడు: ఉంది. 2005లో తాలియా వీట్లీ, జొనాథన్ హైట్ అనే ఇద్దరు అమెరికా మనస్తత్వవేత్తలు కొంతమంది విద్యార్థుల్ని హిప్నోసిస్‌లోకి దించి, ఒక మామూలు మాట చదవగానే కడుపులో తిప్పినట్టుండేలా చేశారు. తరవాత చిన్న చిన్న కథలు ఇచ్చి, అందులో మనిషి చేసింది ఎంత తప్పో మార్కులు వెయ్యమన్నారు. ఆ మాట ఉన్న కథలో తప్పు ఇంకా పెద్దదిగా కనబడింది. ఒక కథలో అయితే అసలు తప్పే లేదు. విద్యార్థి ప్రతినిధి ఒకడు టీచర్లకీ పిల్లలకీ నచ్చే విషయాల మీద చర్చలు ఏర్పాటు చేస్తాడు, అంతే. అయినా ఆ మాట తగిలినవాళ్ళలో కొందరు వాడి పనిలో ఏదో మర్మం ఉందన్నారు. ఏమిటో మాత్రం చెప్పలేకపోయారు. మద్యం మీద మనకుండే కోపంలో ఇలాంటిది ఎంతుందో ఆలోచించు.

అత్త: పాము కనబడితే ముందు పక్కకి దూకుతాం, ఆలోచన తరవాతే. ముందు దూకామని పాము లేకుండా పోదు గదా. మా రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళ సంగతి చెబుతా విను. వాళ్ళకి సారా వాసన కొత్త కాదు. చిన్నప్పుడు తండ్రి కాడ, పెళ్ళయ్యాక మొగుడి కాడ, ఆ వాసనలోనే బతికారు. రోత ఒక్కటే చాలుంటే ఉద్యమం అంతకుముందే ఎప్పుడో రావాల. 1990ల్లోనే ఎందుకొచ్చింది? అక్షరదీపం పాఠాల్లో సీతమ్మ కథ ఉండేది, తాగుబోతు మొగుడితో అగచాట్లు పడిన ఆడమనిషి కథ. అది చదివి పలకా బలపం సర్దుకుని పోలేదు వాళ్ళు. కూర్చుని మాట్లాడుకున్నారు. ఈ వారం కూలి ఎంతొచ్చింది, సారాకి ఎంత పోయింది, మిగిలినదానికి బియ్యం ఎన్నొచ్చాయి అని. ఊళ్ళోకి మంచినీళ్ళు రావు, సారా ప్యాకెట్ మాత్రం ఒక్క పూట తప్పకుండా గడప కాడికి వస్తుంది, ఎందుకని అడిగారు. ఇది రోత కాదు నాయనా, లెక్క.

మేనల్లుడు: అది ఒప్పుకోవలసిందే. మనిషి ఒంటరిగా కూర్చుని తన తీర్పుని తాను తిరగదోడుకోవడం అరుదు, పక్కమనిషి మాటతోనే అది మారుతుందని హైట్ 2001లోనే రాశాడు. మీ రాత్రిబడిలో జరిగింది అదే. కానీ నలుగురు కూడిన చోట ఇంకోటి కూడా జరిగింది. తాగినవాళ్ళకి గుండు గీయించి గాడిద మీద ఊరేగించిన ఊళ్ళున్నాయి. అది లెక్కా, రోతా?

అత్త: రోతే. నాకు నచ్చలేదు, ఆ రోజే చెప్పాను. ఊరి ముందు చిన్నబుచ్చినవాడు ఆ పూటకి తాగకపోవచ్చు, ఆ కసి మాత్రం ఇంట్లో పెళ్ళాం మీదే తీర్చుకుంటాడు. అయితే ఉద్యమమంటే గాడిద ఊరేగింపు కాదు. కొట్టు ముందు బైఠాయించడం, సరుకొచ్చే జీపుల్ని ఆపడం, ప్యాకెట్లు పారబోయడం. మా జిల్లా దూబగుంటలో తాగినవాళ్ళు ఇద్దరు చెరువులో పడి చచ్చిపోయాక ఆడవాళ్ళు ఊళ్ళో సారా మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు అట్టా బయటికొచ్చింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు పెట్టడం, వాయిదా వెయ్యడం, మళ్ళీ పెట్టడం, మళ్ళీ వాయిదా. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో సారా ఆగింది, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా ఆగింది. అక్షరాలు దిద్దే చేతులు చేసిన పని అది.

ఇక్కడ నా మాట ఒకటి. తీర్పు ముందు, కారణం తరవాత అన్న సిద్ధాంతాన్ని చదివినవాళ్ళు చాలామంది దాన్ని ఎదుటివాళ్ళ మీదే వాడతారు. నా కోపానికి కారణముంది, నీ కోపం మాత్రం ఉత్త ఆవేశం అన్నట్టు. ఆ వాడకం సరైంది కాదు. అత్త చెప్పిన లెక్క చూడండి. కూలి డబ్బుల లెక్క రెండో తరగతి కూడికలూ తీసివేతలే. వాటిని పదిమంది కలిసి పైకి అనుకున్నప్పుడు తలరాత అని సరిపెట్టుకున్నది అన్యాయంగా కనబడింది. ఆలోచన మనసుని మార్చదనే మాట నిజమైతే, దూబగుంట జరగకూడదు.

మేనల్లుడు: సరే, రోత సంగతి పక్కన పెడదాం. అసలు గొడవ విలువల దగ్గరుంది. ఇది మన పక్క రాష్ట్రంలోనే తేలింది. భువనేశ్వర్లోనూ అమెరికాలోని షికాగోలోనూ రిచర్డ్ ష్వేడర్ బృందం చేసిన అధ్యయనం 1987లో అచ్చయింది. తండ్రి పోయిన మర్నాడు పెద్దకొడుకు క్షవరం చేయించుకుని కోడికూర తిన్నాడు, ఇది తప్పా అని అడిగారు. అక్కడి బ్రాహ్మణ పిల్లలు దాన్ని అన్నిటికన్నా ఘోరమైన తప్పుల్లో చేర్చారు. షికాగో పిల్లలకి అందులో తప్పేమీ కనబడలేదు. హైట్ కూడా 1993లో మూడు నెలలు భువనేశ్వర్లో ఉన్నాడు. మొదట్లో అతనికి అక్కడి పెద్దరికాలూ మడీ ఆచారాలూ మింగుడుపడలేదు. ఉండగా ఉండగా వాటిలోనూ ఒక నీతి ఉందని అర్థమైంది. నీతికి పునాదులు ఒకటి కాదు, చాలా ఉన్నాయని ఆ తరవాత తన తోటివాళ్ళతో కలిసి సూత్రీకరించాడు. ఇతరుల బాధ పట్ల జాలి, న్యాయం, స్వేచ్ఛ, మనవాళ్ళ పట్ల విధేయత, పెద్దల పట్ల గౌరవం, పవిత్రత. అమెరికాలో ఉదారవాదులు జాలీ న్యాయం మీదే ఎక్కువ నిలబడతారు, సంప్రదాయవాదులు అన్నిటినీ ఇంచుమించు సమానంగా తూస్తారు. నువ్వు మద్యం వద్దన్నప్పుడు నీలో పవిత్రత మాట్లాడుతుంది. నేను వాడి ఇష్టం అన్నప్పుడు నాలో స్వేచ్ఛ మాట్లాడుతుంది. ఇద్దరిదీ నీతే.

అత్త: బానే ఉంది. ఆ పటాన్ని మన రాష్ట్రం మీద పరిచి చూడు. 1954లో ప్రకాశంగారి మీద ఎవరు లేచారు? గౌతు లచ్చన్న కల్లుగీత కార్మికుల కోసం సత్యాగ్రహం నడిపాడు, కమ్యూనిస్టులు నిషేధానికి ఎదురునిలిచారు. 1992లో అదే కమ్యూనిస్టుల మహిళా సంఘాలు సారాకి వ్యతిరేకంగా రోడ్డెక్కాయి, గాంధేయుల పక్కనే నిలబడ్డాయి. సారాని ప్యాకెట్లలో పోసి ఊరూరా పంపిన వారుణి వాహిని తెలుగుదేశం ప్రభుత్వంలో వచ్చింది, సంపూర్ణ నిషేధం ఆ పార్టీ ప్రభుత్వంలోనే వచ్చింది, 1997లో ఎత్తేసిందీ ఆ పార్టీ ప్రభుత్వమే. వీళ్ళలో ఎవరికి ఏ పునాది ఉందో చెప్పు చూద్దాం. దూబగుంట ఆడవాళ్ళు పవిత్రత అనే మాటే ఎత్తలేదు. దెబ్బలు, కూలి, బియ్యం. నీ లెక్కలో అవి ఉదారవాదుల పునాదులే గదా?

మేనల్లుడు: ఆ పటం అమెరికాలో గీసింది, మన పార్టీల మీద సరిగ్గా కూర్చోదు. కాని మనుషుల మీద కూర్చుంటుంది. మద్యం అపవిత్రమన్న భావన రాజ్యాంగంలోకి కూడా వచ్చింది. 47వ అధికరణం మద్యనిషేధానికి ప్రయత్నించమని ప్రభుత్వానికి చెబుతుంది. అది రాజ్యాంగ సభలో చర్చకి వచ్చినప్పుడు జైపాల్ సింగ్ ముండా లేచి, ఆదివాసుల పూజల్లో బియ్యపు కల్లు లేకుండా జరగదని, ఇది వాళ్ళ మత హక్కు మీద చెయ్యి వెయ్యడమేనని అన్నాడు. ఆయన మాట చెల్లలేదు. మన తెలంగాణలో బోనాలప్పుడు అమ్మవారికి కల్లు సాక పోస్తారు. ఒకరి దేవుడికి పనికిరానిది ఇంకొకరి దేవతకి నైవేద్యం. ఎవరి పవిత్రతని చట్టంగా రాస్తావు అత్తా? రాసే కలం ఎప్పుడూ ఒక కులం చేతిలోనే ఉంటుంది. చెట్టెక్కేవాడి చేతిలో ఉండదు.

అత్త: ఈ మాట నాకు నచ్చింది. అందుకే కల్లూ సారా ఒకటే అనే మాట నేను ఒప్పను. గీతకార్మికుడు మోకు కట్టుకుని తాటిచెట్టెక్కి ప్రాణం పణంగా పెట్టి దించుతాడు. ఊళ్ళోవాడు, ఊళ్ళోవాళ్ళకి అమ్ముకుంటాడు, రేపు ఊళ్ళో మొహం చూపించాల. సారా అట్టా కాదు. ఎక్కడో డిస్టిలరీలో కాచి, ప్యాకెట్లు చేసి, కంట్రాక్టరు జీపులో వచ్చేది. వేలంలో పెట్టిన డబ్బు రాబట్టుకోడానికి ఆ కంట్రాక్టరు అప్పులిచ్చి మరీ తాగించేవాడు. వెనకాల సర్కారు ఆదాయం. తాగేవాడి నీతి మీద మీరు ఇన్ని పరీక్షలు పెట్టారే, అమ్మేవాడి నీతి మీద ఒక్కటి పెట్టారా? వేలంపాట పెట్టిన కలెక్టరాఫీసు మీద?

మేనల్లుడు: లేదు.

అత్త: అదే నేననేది.

ఈ ఒక్క విషయంలో నేను పూర్తిగా అత్త పక్షం. నైతిక తీర్పు గురించి నేను చదివిన ప్రయోగాల్లో కథలన్నీ ఒక మనిషి గురించో ఒక ఇంటి గురించో. ఒకామె జెండా గుడ్డతో బాత్రూం తుడిచింది, ఒక కుటుంబం చచ్చిపోయిన పెంపుడు కుక్కని వండుకు తింది, తప్పా కాదా? అమ్మకం లక్ష్యాలు పెట్టుకున్న ప్రభుత్వ శాఖ గురించి ఎవరూ ఆ తరహా ప్రశ్న అడగరు. ఆ కథలకి అలవాటుపడిన మనసు తాగుబోతుని చూస్తుంది, కొట్టుకిచ్చిన లైసెన్సుని చూడదు. నెల్లూరు ఆడవాళ్ళు లైసెన్సుని చూశారు. మొగుళ్ళని మార్చమని వాళ్ళు కలెక్టరుని అడగలేదు, వేలంపాట ఆపమన్నారు. మన రాజకీయ చరిత్రలో అంత స్పష్టమైన నైతిక తీర్పు ఇంకోటి నాకు కనబడలేదు.

మేనల్లుడు: అమ్మేవాడిది తప్పే అనుకుందాం. అయినా కొనేవాడు పసిపిల్లాడు కాదు. కొట్టు ఉన్నంత మాత్రాన అందరూ తాగడం లేదు కదా. మనసు నిగ్రహించుకోగలిగినవాడు నిగ్రహించుకుంటాడు. లేనివాడి కోసం ఉన్నవాడి స్వేచ్ఛ తీసెయ్యడం న్యాయమా?

అత్త: నిగ్రహం అంటే నువ్వేమనుకుంటున్నావో ముందు చెప్పు. మన వీధిలో మేస్త్రీ ఒకడున్నాడు. రోజూ తాగేవాడు. కార్తీకం రాగానే అయ్యప్ప మాల వేసుకుంటాడు. నలభై ఒక్క రోజులు చుక్క ముట్టడు. తెల్లవారుజామునే చన్నీళ్ళ స్నానం, కటిక నేల మీద పడక, ఒంటిపూట భోజనం. మామూలప్పుడు సాయంత్రం ఆరు దాటితే చేతులు వణికే మనిషి, ఆ రోజుల్లో బ్రాందీ షాపు ముందు నుంచే నడిచిపోతాడు, తల తిప్పడు. మాల తీసిన రెండో రోజు మళ్ళీ మామూలే. ఆ నలభై ఒక్క రోజులూ ఉన్న నిగ్రహం ఎక్కడి నుంచి వచ్చింది, ఎక్కడికి పోయింది? మీ శాస్త్రం ఏమంటుంది?

మేనల్లుడు: మంచి ప్రశ్న అడిగావు. ఇరవై ఏళ్ళ కిందట అడిగి ఉంటే తప్పు జవాబు చెప్పేవాళ్ళు. నిగ్రహం ఒక నిల్వ లాంటిది, వాడితే తరుగుతుందని 1998లో రాయ్ బామైస్టర్ ఒక ప్రయోగం ప్రచురించాడు. ఎదురుగా వేడి బిస్కట్లు పెట్టి, వాటిని ముట్టకుండా ముల్లంగి మాత్రమే తినమన్నారు. అలా తిన్నవాళ్ళు ఆ తరవాత ఇచ్చిన పజిల్‌ని తొందరగా వదిలేశారు. చాలా ఏళ్ళు అదే పాఠం చెప్పారు. 2016లో 23 ప్రయోగశాలలు కలిసి, రెండు వేలమందికి పైగా మనుషుల మీద ఆ భావననే పరీక్షిస్తే, తరుగుదల దాదాపు కనబడలేదు. ఇంకా విచిత్రం, కృష్ణ సావని, వెరోనికా జాబ్ 2017లో మన దేశంలో పరీక్షించి చూస్తే, కష్టమైన పని చేసినవాళ్ళు తరవాతి పనిలో ఇంకా బాగా రాణించారు. నిష్ఠ మనిషికి బలాన్నిస్తుందని మనవాళ్ళలో ఉన్న నమ్మకమే దానికి కారణమని వాళ్ళు రాశారు. మీ మేస్త్రీకి ఆ నమ్మకముంది. నల్లబట్టలు అతన్ని అందరికీ చూపిస్తాయి, స్వామీ అని పిలుస్తారు, భార్య కూడా అలాగే పిలుస్తుంది. తాగేవాళ్ళు అతన్ని తమ దగ్గరికి రానివ్వరు. అతను ఆ రోజుల్లో రోజూ కోరికతో కుస్తీ పడుతున్నాడనుకోకు. కుస్తీ లేకుండా ఊరే చేసింది.

అత్త: ఊరే చేసింది. ఆ మాట గుర్తుపెట్టుకో.

మేనల్లుడు: గుర్తుంది, ఇంకో రెండు చెబుతాను. జర్మనీలో విల్‌హెల్మ్ హాఫ్‌మన్ బృందం 205 మందికి చేతిలో చిన్న యంత్రాలిచ్చి, రోజులో పలుమార్లు ఇప్పుడు నీకేమన్నా తినాలని తాగాలని ఉందా, ఆపుకుంటున్నావా అని అడిగింది. 2012లో అచ్చయింది. నిగ్రహం ఎక్కువున్నవాళ్ళు కోరికని గట్టిగా అణిచేస్తారని అందరం అనుకుంటాం కదా. తేలింది వేరు. వాళ్ళకి ఆ కోరిక ఎదురయ్యే సందర్భాలే తక్కువ. అలాంటి చోట్లకి వెళ్ళని తీరుగా రోజుని అమర్చుకుంటారు. వియత్నాం నుంచి తిరిగొచ్చిన అమెరికా సైనికుల సంగతి దీనికన్నా పెద్దది. అక్కడ ఉండగా దాదాపు అయిదో వంతు మంది హెరాయిన్‌కి బానిసలయ్యారు. ఇంటికొచ్చాక మొదటి ఏడాదిలో వాళ్ళలో నూటికి అయిదుగురే మళ్ళీ ఆ బానిసత్వంలో పడ్డారని లీ రాబిన్స్ లెక్క తేల్చింది. అంత భయంకరమైన మత్తు కూడా చోటు మారగానే చాలామందిని వదిలేసింది.

అత్త: అయితే ఇంటి పక్కనే లైసెన్సు లేని బెల్టు షాపు పెట్టి, నీకు నిగ్రహం లేదురా అని కూలోణ్ణి తిట్టడం ఏం నీతి? నువ్వు హైదరాబాదులో ఆ వాసన లేని అపార్టుమెంట్లో ఉంటావు, నీ రోజుని నువ్వు అమర్చుకుంటావు. వాడి రోజుని అమర్చేది మేస్త్రీ, కంట్రాక్టరు, కూలి డబ్బులు చేతిలో పడే వేళ. చేతిలో డబ్బు పడిన చోటుకి నాలుగడుగుల్లో కొట్టు.

మేనల్లుడు: నిజమే. అందుకే ఇంకొకటి చెప్పకుండా ఉండలేను, అది నా వాదానికి నష్టమైనా సరే. చెన్నైలో రిక్షా తొక్కే 229 మందితో ఫ్రాంక్ షిల్‌బాక్ అనే ఆర్థికవేత్త మూడు వారాల ప్రయోగం చేశాడు, 2019లో అచ్చయింది. పగటిపూట తాగకుండా వచ్చి యంత్రంలో ఊది చూపిస్తే డబ్బు. అలా డబ్బు పొందినవాళ్ళ రోజువారీ పొదుపు సగానికి పైగా పెరిగింది. తాగుడు మీద మిగిలిన పైసల వల్ల మాత్రమే కాదు అది, తాగని వేళ మనిషి రేపటి గురించి ఆలోచించగలిగాడు. తరవాత వాళ్ళని అడిగారు. తాగినా తాగకపోయినా వచ్చే డబ్బు కావాలా, తాగకపోతేనే వచ్చే డబ్బు కావాలా అని. సగం మందికి పైగా కొంత డబ్బు పోగొట్టుకోడానికి సిద్ధపడి మరీ రెండోదే కోరుకున్నారు. మమ్మల్ని ఆపండి, దానికి మేమే ఖర్చు పెట్టుకుంటాం అన్నారన్నమాట.

అత్త: ఆ మాట మా ఊళ్ళో మగవాళ్ళూ అన్నారు. ఆడవాళ్ళు కొట్టు మూయించినాక, మీరు మంచి పని చేశారమ్మా, కొట్టుంటే కాళ్ళు అటే పోతాయి అని నాతో అన్నవాళ్ళున్నారు. నెల్లూరులో సారా ఆగిన ఏడే పొదుపులక్ష్మి మొదలైంది. రోజుకి రూపాయి. సారాకి పోయే కూలి అట్టా పొదుపయింది. నీ చెన్నై పరీక్ష మాకు అప్పుడే తెలుసు.

మేనల్లుడు: కాని అత్తా, అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఆ రిక్షావాళ్ళు కోరి కట్టుబడ్డారు. మీ మేస్త్రీ మాల కోరి వేసుకున్నాడు. 1995 జనవరి 16 నుంచి వచ్చిన నిషేధం ఎవరూ కోరి వేసుకున్న మాల కాదు. ఏమైంది? తెలంగాణలో గుడుంబా బట్టీలు పెరిగాయి, పక్క రాష్ట్రాల నుంచి సీసాలు వచ్చాయి, డబ్బున్నవాడికి ఎప్పుడూ దొరికింది, కేసులు మాత్రం లేనివాడి మీద పడ్డాయి. ఖజానా ఖాళీ అయ్యింది, రెండేళ్ళకి ఎత్తేశారు. బీహారులో 2016 నుంచి ఉంది. ఆ చట్టం దూరాలోచన లేకుండా రాసినందువల్ల కోర్టులు బెయిల్ పిటిషన్లతో నిండిపోయాయని అప్పటి సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ 2021 డిసెంబరులో విజయవాడలోనే అన్నారు. నిగ్రహాన్ని పోలీసు చేతికిస్తే అది నిగ్రహం కాదు, లంచం.

అత్త: నేను సంపూర్ణ నిషేధం అడిగానా? దూబగుంట అడిగిందా? మా ఊళ్ళో కొట్టు వద్దన్నాం. మా మాటని పట్టుకుని రాష్ట్రమంతా నిషేధం చేసి ఓట్లు దండుకున్నారు. అది పార్టీల నిర్ణయం. తాగినవాణ్ణి జైల్లో పెట్టమని ఏ ఆడదీ అనలేదు, వాడు జైల్లో ఉంటే కూలి ఎవరు తెస్తారు? ఇంకొకటి. కోరి కట్టుబడాలి అంటున్నావు. తాగొచ్చినవాడి దెబ్బలు తినే ఆడది అవి కోరి తింటుందా? తాగేవాడి ఇష్టాన్ని స్వేచ్ఛ అన్నావు. ఆమె ఇష్టాన్ని ఏ పునాది కింద రాస్తావు?

మేనల్లుడు: అదీ స్వేచ్ఛ కిందే రాయాలి.

అత్త: రాస్తే, ఆమె ఓటు కూడా లెక్కలోకి రావాల. కొట్టు పెట్టేముందు ఆమెని అడగాల.

మేనల్లుడు: అడిగేది ఎవరు? గ్రామసభంటే నాకు భయం. చాలా ఊళ్ళల్లో అది పెద్దకులం మగవాళ్ళ సభ. నీతి పేరు చెప్పి గీతకార్మికుడి కల్లు దుకాణం తీసేసి, తమవాడి వైన్ షాపు మాత్రం ఉంచుకుంటారు. మళ్ళీ గుండ్లు, గాడిదలు రావని ఏమిటి?

అత్త: చేతులెత్తించి అడిగితే అట్టానే అవుతుంది. చీటీ మీద అడగాల. మహారాష్ట్రలో ఆడ ఓటర్లు సగానికి మించి వద్దని ఓటేస్తే ఆ ఊళ్ళో మద్యం కొట్టు మూసెయ్యాలన్న ఏర్పాటుంది. ఓటు చీటీ మీద నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా బొమ్మలుంటాయి. చదువు రాని ఆడది కూడా ఎవరికీ చెప్పకుండా వేసి రావచ్చు.

మేనల్లుడు: అలాగైతే నాకు రెండు షరతులున్నాయి. అడగవలసింది అమ్మకం గురించే, ఎవరి ఇంట్లో ఎవరు తాగుతారన్నది ఓటుకి పెట్టకూడదు. కల్లుని సీసా మద్యంతో కలపకూడదు, పూజకి వాడే కల్లుని అసలే ముట్టుకోకూడదు. మీ ఆవేశం మీద నాకు నమ్మకముంది అత్తా, కానీ ఆవేశానికి చట్టంలో ఒక గీత ఉండాలి.

అత్త: మొదటిది ఒప్పుకున్నా. రెండోది, కల్లు పేరుతో మందు కలిపి అమ్మే కాంపౌండ్లు ఉన్నాయి, వాటిని నేను వదలను. చెట్టు కల్లుకి అడ్డు చెప్పను.

వాళ్ళిద్దరూ అంతకుమించి ఒక్కటి కాలేదు. అతనికి గుంపు నీతి అంటే ఉన్న భయం పోలేదు, పోనక్కర్లేదు కూడా. ఆమెకి తాగేవాడి స్వేచ్ఛ అనే మాట మీద గౌరవం రాలేదు. కానీ ఒక సంగతి తేలింది. నిగ్రహాన్ని మనిషి ఛాతీలో ఉండే గుణంగా చూసినంత కాలం పేదవాణ్ణి తిట్టడమో జైల్లో పెట్టడమో తప్ప మనకి వేరే దారి దొరకదు. ఇంటికీ కొట్టుకీ మధ్య ఉన్న దూరంగా, కూలి చేతిలో పడే వేళగా, చుట్టూ ఉన్నవాళ్ళ పిలుపుగా చూస్తే చెయ్యగలిగిన పనులు కనబడతాయి. ఆ దూరాన్ని నిర్ణయించే హక్కు ఇప్పుడు ఎక్సైజు శాఖ చేతిలో ఉంది. ఆ దూరం వల్ల దెబ్బలు తినేవాళ్ళ చేతిలో లేదు. ఇది అన్యాయమని నా తీర్పు. ఈ అన్యాయం పార్టీలు మారినా మారదని మన ముప్పై ఏళ్ళ చరిత్ర చెబుతోంది.

దీనికి కొత్త రాజ్యాంగం అక్కర్లేదు. 1996లో పార్లమెంటు చేసిన పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్నీ వాడకాన్నీ నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకీ పంచాయతీలకీ ఇవ్వాలని చెప్పింది. అందులో వాడకం అన్న భాగం మీద మేనల్లుడికున్న అభ్యంతరమే నాకూ ఉంది. అమ్మకం మీద అధికారం మాత్రం మైదాన గ్రామాలకీ రావాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు కొత్త మద్యం విధానం ప్రకటించే ప్రతిసారీ దుకాణాల సంఖ్య, లైసెన్సు ఫీజు, దరఖాస్తుల గురించి చెబుతాయి. ఈసారి ప్రకటించే ముందు ఏ ఊళ్ళో కొట్టు పెట్టబోతున్నారో ఆ ఊరి ఆడవాళ్ళని రహస్య ఓటుతో అడగమని మన ఎమ్మెల్యేలని అడుగుదాం. సగానికి మించి వద్దంటే అక్కడ లైసెన్సు ఇవ్వకూడదు, బెల్టు షాపు కనబడితే ఆ అధికారిని జవాబుదారీ చెయ్యాలి.